ఇరిటబుల్, ఇరిటేటెడ్, ఇరిటేటింగ్: ఏది ఎప్పుడు వాడాలి?

అమీర్‌పేటలో స్పోకెన్ ఇంగ్లీష్ నేర్చుకునేవాళ్ల దగ్గర్నుంచి హైటెక్ సిటీలో ఉద్యోగాలు చేసేవాళ్ల దాకా "అబ్బా, ఇరిటేటింగ్‌గా ఉంది" అనని వాళ్లు తక్కువ. తెలుగు మాటల మధ్య అది చక్కగానే అతుకుతుంది. పూర్తి ఇంగ్లీష్ వాక్యం చెప్పాల్సి వచ్చినప్పుడే చిక్కు. నాకు చిరాగ్గా ఉంది అనుకుంటూ "ఐ యామ్ ఇరిటేటింగ్" అనేస్తారు, వినేవాళ్లకేమో "నేను జనానికి చిరాకు తెప్పించే మనిషిని" అని వినిపిస్తుంది.

అందుకే ముందు చూసుకోవాల్సింది, చిరాకు ఎవరికి, దేనివల్ల? తెప్పించేది ఇరిటేటింగ్. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర వెనక నుంచి ఆపకుండా కొట్టే హారన్ ఇరిటేటింగ్, అది విని చిర్రెత్తిన మీరు ఇరిటేటెడ్. శబ్దం లాంటి వాటికి ఇరిటేటెడ్ తర్వాత 'బై' పెట్టండి, మనిషి మీదైతే 'విత్'.

తర్వాత ఇరిటబుల్. ఒక్క హారన్‌తో వచ్చి పోయే చిరాకు కాదిది. సరిగా నిద్రలేక, కూరలో ఉప్పు తగ్గినా కసురుకుంటూ, ఎవరు పలకరించినా విసుక్కుంటూ ఉన్నారంటే మీరు ఇరిటబుల్‌గా ఉన్నట్టు. ఆ స్థితి పేరు ఇరిటబిలిటీ. మొదట్నుంచీ ముక్కు మీద కోపం ఉన్న మనిషిని షార్ట్ టెంపర్డ్ అంటే సరిపోతుంది. నిద్ర చాలక పేచీ పెట్టే పిల్లాడికి క్రాంకీ చాలు.

ఇరిటబుల్ అన్న మాట బాగా పనికొచ్చేది డాక్టర్ దగ్గర. ఊరికే కోపం వస్తోందని చెప్పి వదిలేయకండి, ఎప్పట్నుంచి, నిద్ర ఎలా ఉంది, ఆకలి ఎలా ఉంది అన్నీ చెప్పండి. తెలుగులో చెప్పినా పర్వాలేదు. ఇంగ్లీష్‌లోనైతే "ఐ హావ్ బీన్ ఇరిటబుల్ ఫర్ టూ వీక్స్" అనొచ్చు. ఎందుకంటే నిద్రలేమి, షుగర్ పడిపోవడం, థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం, నెలసరి ముందు రోజులు, సిగరెట్ మానేయడం, ఆందోళన, వీటిలో దేనివల్లయినా ఇలా ఉండొచ్చు. టీనేజ్ పిల్లల్లో డిప్రెషన్ కొన్నిసార్లు దిగులుగా కాకుండా చిరాకుగానే బయటపడుతుంది, దాన్ని పొగరు అనుకుని తిడుతూ కూర్చుంటే అసలు సంగతి తెలియకుండా పోతుంది. చంటిపిల్లల విషయంలో డాక్టర్ ఇరిటబుల్ అని రాస్తే అల్లరి అని కాదు, ఎత్తుకున్నా ఊరుకోకుండా ఏడుస్తోందని. జ్వరంతో పాటు అలా ఉంటే తెల్లారేదాకా ఆగకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

స్కిన్ ఇరిటేషన్ అంటే చర్మం మంట, దురద. ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ అంటే పేగుల సమస్య. వీటిలో కోపం లేదు.

ఆఫీసులో మాత్రం జాగ్రత్త. "యూ ఆర్ ఇరిటేటింగ్" అంటే ఎదుటి మనిషినే తప్పుపట్టినట్టు. మీరే నోరు జారి ఉంటే, "సారీ, ఐ వజ్ ఇరిటబుల్ యెస్టర్‌డే" అని మెసేజ్ పెట్టండి. ఇరిటబుల్ అని పలికేటప్పుడు మొదటి 'ఇ' మీద ఒత్తు, రాసేటప్పుడు రెండు 'ఆర్'లు, ఒక్కటే 'టి'.