క్రోషే ముక్క అంచు తిన్నగా రాకపోతే: సమస్య - పరిష్కారం

ప్రతి వరుస చివర స్టిచ్‌లు లెక్కపెట్టండి. సూది మంచిది కాదేమో, ఊలు మార్చాలేమో అని ఆలోచించేవారిలో చాలామంది చేయని పని ఇదే. పది పన్నెండు వరుసలు అల్లాక, ముక్క ఆకారం చెడిందని కంటికి తెలిసినప్పుడు లెక్క చూస్తే, తప్పు ఏ వరుసలో మొదలైందో పట్టుకోవడం కష్టం. పైనున్న లూపులను కాకుండా నిలువుగా కనిపించే కాళ్లను లెక్కించాలి. డబుల్ క్రోషేలో (సూదికి దారం ఒక చుట్టు చుట్టి వేసే పొడవైన స్టిచ్; ఇక్కడ వాడినవి అమెరికా పేర్లు), వరుస మొదట్లో వేసిన మూడు చైన్లు, అంటే గొలుసు లూపులు, కలిపి ఒక స్టిచ్. సూది మీదున్న లూపు లెక్కలోకి రాదు.

ఉదాహరణకు 20 డబుల్ క్రోషేల వెడల్పు కావాలనుకుందాం. 22 చైన్లు వేసి, సూది నుంచి నాలుగో చైన్‌లో మొదటి డబుల్ క్రోషే వేస్తే, వదిలిన మూడు చైన్లు ఒకటి, మిగిలినవి 19, వెరసి 20.

ముక్క పైకి వెళ్లేకొద్దీ సన్నబడితే

వరుసకు ఒకటి చొప్పున తగ్గుతున్నదంటే, కింది వరుసలోని మూడు చైన్ల కొసన వేయవలసిన చివరి స్టిచ్‌ను వదిలేస్తున్నారన్నమాట. ఆ కొస సన్నగా, కాస్త మెలితిరిగి ఉంటుంది కాబట్టి, దాని ముందున్న డబుల్ క్రోషేతోనే వరుస ముగిసినట్టు అనిపిస్తుంది.

ముక్క వెడల్పవుతుంటే

మూడు చైన్లు వేసి తిప్పాక, వాటి కిందనే ఉన్న స్టిచ్‌లో మళ్లీ డబుల్ క్రోషే వేస్తున్నారు. ఆ చోటు మూడు చైన్లతో నిండిపోయింది. తర్వాతి స్టిచ్‌లోకి వెళ్లాలి.

లెక్క సరిగ్గానే ఉండి, అంచు రంపపు పళ్లలా ఉంటే

అన్నింటికంటే మోసకారి ఇది. ప్రతి వరుసలోనూ 20 ఉంటాయి, కనుక అల్లేవారు తమ పనిని అనుమానించరు. నిజానికి పైన చెప్పిన రెండు తప్పులూ ఒకే వరుసలో జరుగుతుంటాయి: మొదట్లో ఒకటి అదనంగా చేరుతుంది, చివర ఒకటి జారిపోతుంది, ఒకదాన్ని మరొకటి కప్పేస్తుంది. వరుస వరుసకూ ముక్కను తిప్పుతాం గనుక పెరిగేదీ తరిగేదీ పక్కలు మారుతూ, అంచు ఒకసారి బయటికి, ఒకసారి లోపలికి పోతుంది. ఇలాంటి ముక్కకు వరుస మొదట్లో ఒకే స్టిచ్ నుంచి మూడు చైన్లూ ఒక డబుల్ క్రోషే రెండుగా చీలినట్టు లేస్తాయి; మరో కొసన ఎవరూ ముట్టని మూడు చైన్ల ముడి ఒకటి బయటికి పొడుచుకొని ఉంటుంది. ఈ రెండూ కనిపిస్తే ఇక వేరే కారణం వెతకనక్కరలేదు.

సరిచేయడానికి రెండు మార్కర్లు చాలు. పిన్నీసులైనా, వేరే రంగు దారపు ముక్కలైనా పనికొస్తాయి. వరుస మొదట్లో మూడో చైన్ వేయగానే దానికి ఒకటి, ఆ పక్కన వేసిన మొదటి డబుల్ క్రోషే తలకు మరొకటి తగిలించాలి. తిరిగి వచ్చేటప్పుడు మార్కర్ ఉన్న ఆ రెండు చోట్లలోనూ ఒక్కొక్క స్టిచ్ పడితేనే వరుస పూర్తయినట్టు. చూపు అలవాటు పడేదాకా వీటిని తీయవద్దు. నరసాపురం లేసులా సన్నని నూలుతో మొదలుపెట్టేవారికి ఆ కొస అసలు కనిపించదు. మధ్యస్థమైన మందం, లేత రంగు ఉన్న ఊలు, 5 మిల్లీమీటర్ల సూదితో నేర్చుకోవడం మేలు.

అల్లేసిన భాగాన్ని తప్పు మొదలైన వరుస దాకా విప్పడమే సరైన మార్గం. చుట్టూ సింగిల్ క్రోషే (దారం చుట్టకుండా వేసే పొట్టి స్టిచ్) అంచు వేస్తే పళ్లు కొంత మరుగుపడతాయి గాని, సన్నబడిన ముక్కను అది కాపాడలేదు.

సింగిల్ క్రోషేలో పద్ధతి వేరు: తిప్పేటప్పుడు వేసే ఒక్క చైన్ సాధారణంగా స్టిచ్ కాదు, కాబట్టి మొదటి స్టిచ్‌లోనే వేయాలి, ఆ చైన్‌లో మాత్రం వేయకూడదు. డబుల్ క్రోషే అలవాటును ఇక్కడికి తెచ్చినా లెక్క పోతుంది. పైగా అమెరికా వారి సింగిల్ క్రోషేనే బ్రిటన్ వారు డబుల్ క్రోషే అంటారు గనుక, నమూనా ఏ పద్ధతిలో రాశారో ముందే చూసుకోవాలి.

ఇక మిగిలినవి అరుదు. స్టిచ్‌లు క్రమం లేకుండా తగ్గుతుంటే వరుస మధ్యలో ఎక్కడో ఒకటి దాటేశారు. అడుగు అంచు ఒక్కటే బిగిసి ఉంటే మొదటి చైన్లు గట్టిగా పడ్డాయి. వాటికి ఒక సైజు పెద్ద సూది వాడితే సరిపోతుంది.