శేషాచలంలో పూల నడక: చీకటితో అడవిలో అడుగు పెట్టకండి

2025 ఫిబ్రవరిలో, శివరాత్రికి ముందు, అన్నమయ్య జిల్లా గుండాలకోనకు అడవిదారిన నడిచి వెళ్తున్న భక్తులపై ఏనుగులు దాడి చేసి ముగ్గురి ప్రాణాలు తీశాయి. 2023 ఆగస్టులో అలిపిరి మెట్లదారిలో తల్లిదండ్రులతో కొండెక్కుతున్న ఆరేళ్ల పాపను చిరుతపులి చంపింది. ఒకటి జనసంచారం లేని కోన, రెండవది నిత్యం వేలమంది నడిచే దారి. రెండు చోట్లా ఘోరం జరిగింది చీకట్లోనే.

ఆకురాలిన కొమ్మలపై కొండగోగు పసుపుపచ్చగా, మోదుగ ఎర్రగా పూసే ఈ రోజుల్లో శేషాచలం కొండల్లోని తలకోనకూ, ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు తీర్థానికీ వెళ్లేవారు ఎక్కువ. నీళ్లు, టోపీ, బూట్ల సంగతి అందరికీ తెలిసిందే కనుక చెప్పడం లేదు. ఎండ ముదరకముందే నడక ముగించాలని చీకటితోనే అడవిలోకి దిగడం, ఎందరో మంచి సలహాగా చెప్పే ఈ పద్ధతే అన్నిటికన్నా పెద్ద తప్పు.

ఇప్పచెట్టునే చూడండి. దాని పూలు రాత్రంతా రాలి, తెల్లవారుజాముకు చెట్టు కింద మీగడ రంగులో దళసరిగా పరుచుకుని తియ్యటి వాసన వేస్తాయి. ఆ వేళకు ఎలుగుబంటి అక్కడికి చేరి, మూతి నేలకానించి తింటూ ఉంటుంది. దానికి చూపు మందం. తిండి ధ్యాసలో మన అడుగుల చప్పుడు కూడా పట్టదు. దగ్గరికి వెళ్లేదాకా మనకూ అది కనబడదు. ఉలిక్కిపడిన ఎలుగు పారిపోవడానికి బదులు ముఖం మీదికే లంఘిస్తుంది. సెల్‌ఫోన్ లైటు నాలుగడుగుల మేర నేలను చూపిస్తుందే తప్ప పొద మాటున ఉన్నదాన్ని చూపించదు. అందుకే నేలమీది ఎండుటాకు స్పష్టంగా కనబడేంత వెలుతురు వచ్చాకే లోపలికి వెళ్లాలి. ఎండ దెబ్బకు భయపడితే నడక దూరం తగ్గించుకోండి, బయలుదేరే వేళను మాత్రం చీకట్లోకి జరపకండి.

వెలుతురు వచ్చాక కూడా ఫొటో కోసం దారి దిగకూడదు, ఎందుకంటే ఎండుటాకుల్లో చుట్టచుట్టుకున్న రక్తపింజర ఆకుల రంగులోనే కలిసిపోతుంది. పాము కరిస్తే గాటు పెట్టడం, తాడు బిగించడం, నోటితో పీల్చడం చేయకుండా, కరిచిన కాలును కదలనివ్వకుండా మోసుకుని నేరుగా ఆసుపత్రికి చేర్చాలి. కొండచరియకు తేనెపట్టు వేలాడుతుంటే దాని కింద నిలబడకండి, కేకలు వేయకండి, ఆ రోజు సెంటు పూసుకోకండి.

అటవీశాఖ అనుమతి లేకుండా కాలు పెట్టవద్దు. బీడీ, అగ్గిపెట్టె తేవద్దు. 2014 మార్చిలో ఈ కొండలు రోజుల తరబడి కాలిపోయాయి. పిల్లలను ముందు పరుగెత్తనివ్వవద్దు, పెద్దల మధ్యనే నడిపించండి. ఒంటరిగా వెనకబడవద్దు. ఏనుగు లద్దె పచ్చిగా కనబడితే ఎంత దూరం వచ్చినా వెనుదిరగండి. చెవుల్లో పాటలు పెట్టుకోవద్దు. పూలు కోయవద్దు. చీకటితో దిగవద్దు, చీకటి పడేదాకా ఉండవద్దు. సాయంత్రం ఐదింటికల్లా బయటికి వచ్చి తలలు లెక్కపెట్టుకోండి. ఒక్కరు తగ్గినా వెతకడానికి మీరే మళ్లీ లోపలికి వెళ్లకండి, వెంటనే అటవీ సిబ్బందికి చెప్పండి.