ఆవకాయ రాతలకు యాడ్ డబ్బులు

బ్లాగుల్లో యాడ్లు వేసి, రాసేవాళ్లకు డబ్బులిచ్చే గూగుల్ యాడ్‌సెన్స్ 2018 చివర్లో తెలుగును తీసుకుంది. అప్పటిదాకా తెలుగులో పచ్చళ్ల గురించి రాసిన నాకు పైసా వచ్చే దారి లేదు.

ముందు పాతిక పోస్టులైనా సొంతంగా రాసి, ఆ తర్వాతే అప్లై చేయండి. ఎక్కడో కాపీ కొట్టినవి పనికిరావు. ఖాతాలో పది డాలర్లు చేరితే, మన చిరునామా సరైనదో కాదో చూసేందుకు ఇంటికి ఉత్తరంలో పిన్ నంబరు వస్తుంది. నేను డోర్ నంబరు తప్పు రాసి, రెండోసారి తెప్పించుకున్నాను. వంద డాలర్లు దాటితేనే బ్యాంకులో పడతాయి.

అసలు కథ జనం రావడంలో ఉంది. గూగుల్ వాళ్లదే సెర్చ్ కన్సోల్ అని ఉంది, అది తెరిచి, ఏ మాటలు వెతికి వచ్చారో చూడండి. నాకు "ఆవకాయ ఎలా పెట్టాలి" కంటే "ఆవకాయ బూజు ఎందుకు పడుతుంది" ఎక్కువమందిని తెచ్చింది. చాలామంది తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు. అందుకే శీర్షిక తెలుగులో ఉన్నా, లింకులో ఇంగ్లీషు అక్షరాలు పెడతాను. మామిడికాయలు ఏప్రిల్‌లో కొంటారు కదా, నా పోస్టు ఫిబ్రవరిలోనే సిద్ధం. గూగుల్ కంట పడటానికి టైం పడుతుంది మరి.

కొలతల మధ్యలో యాడ్ పెట్టకండి. చేతికి కారం అంటుకున్న మనిషి పొరపాటున నొక్కి, విసుక్కుని వెళ్లిపోతుంది. ఇక మన యాడ్ మనమే నొక్కడం, చెల్లెలితో నొక్కించడం లాంటివి అసలు వద్దు. ఖాతా మూసేస్తారు.