తక్కువ ధరలో మంచి సిరామిక్ రాడ్ ఎంచుకోవడం ఎలా?

టమాటా తొక్క తెగకుండా కాయ నలిగిపోతోందంటే కత్తి పదును తగ్గిందన్నమాట. పింగాణీ కప్పు అడుగున ఉండే గరుకు అంచు మీద కత్తిని రుద్దడం చాలా ఇళ్లలో అలవాటే. సిరామిక్ రాడ్, అంటే పిడి ఉన్న పింగాణీ కడ్డీ, చేసే పనీ అదే, ఇంకాస్త పద్ధతిగా. ఖరీదైనది అక్కర్లేదు. మామూలు రాడ్‌లు కూడా ఎక్కువగా అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) అనే గట్టి పదార్థంతోనే చేస్తారు. గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలతలో వజ్రానిది 10 అయితే దీనిది 9. ఏ వంటింటి స్టీలు కత్తయినా దీని ముందు మెత్తనే.

1. ముందు మీ కత్తిని చూడండి. అంచు పళ్లు పడినా, పూర్తిగా మొద్దుబారినా రాడ్ వల్ల కాదు. ఒకసారి సాన పట్టించి, ఆ తర్వాత పదును నిలుపుకోవడానికి రాడ్ వాడండి.

2. పొడవు కొలవండి. పిడి వదిలేసి, కత్తి అలుగు 8 అంగుళాలుంటే రాడ్ 10 అంగుళాలు ఉండాలి. ప్యాకెట్ మీద రాసిన పొడవులో పిడి కూడా కలిసి ఉందేమో చూసుకోండి. చాలామంది మోసపోయేది ఇక్కడే.

3. గ్రిట్, అంటే గరుకుదనాన్ని తెలిపే అంకె, చూడండి. అంకె పెరిగేకొద్దీ రాడ్ నునుపు. ఒక్కటే కొనేవారికి 1000 దగ్గరిది చాలు. తెల్లది సాధారణంగా నునుపు, గోధుమరంగుది గరుకు. అయినా రంగును కాక అంకెను నమ్మండి.

4. చేతిలోకి తీసుకుని పరీక్షించండి. చదునైన బల్ల మీద దొర్లిస్తే వంకర తెలిసిపోతుంది. గోరు పెట్టి పైనుంచి కిందికి లాగితే ఎక్కడా తగలకూడదు. కుండ కొనేటప్పుడు చూసినట్టే వేలితో కొట్టి చూడండి: ఖంగుమనాలి. బొంగురుగా పలికితే లోపల పగులు ఉండొచ్చు. ఆన్‌లైన్‌లో కొంటే వెనక్కి ఇచ్చే వీలున్నదే తీసుకోండి.

5. పిడికీ రాడ్‌కీ మధ్య చేతికి అడ్డు ఉండాలి, కొనకు రబ్బరు తొడుగు ఉంటే మేలు. కింద పడితే సిరామిక్ విరుగుతుంది కాబట్టి తగిలించుకునే రింగు ఉన్నదానికి నాలుగు రూపాయలు ఎక్కువ పెట్టినా తప్పులేదు.

రాడ్ మీద కత్తిని పట్టే కోణం కుదరదని టెన్షన్ పడేవారికి దిమ్మలో రెండు రాడ్‌లు వి ఆకారంలో గుచ్చిన రకం మంచిది. కత్తిని నిటారుగా పట్టుకుని కిందికి లాగితే కోణం దానంతటదే కుదురుతుంది. కొత్తవాళ్లకు నేను చెప్పేది ఇదే.

విడి రాడ్ అయితే కొనను మడిచిన గుడ్డ మీద ఆనించి, కత్తిని రాడ్‌కు సుమారు 20 డిగ్రీల వాలులో పట్టి, మొదలు నుంచి మొన దాకా అటు నాలుగుసార్లు, ఇటు నాలుగుసార్లు లాగండి. కత్తి బరువే చాలు, నొక్కొద్దు. నూనె అసలే వద్దు. పని అయ్యాక కత్తిని కడిగి తుడవండి.

రాడ్ మీద నల్లటి చారలు పడతాయి, అది కత్తి నుంచి వచ్చిన స్టీలు పొడి. అది పేరుకుంటే రాడ్ జారుతుంది, పట్టదు. గిన్నెలు తోమే పొడి, ఆకుపచ్చ స్క్రబ్బర్‌తో తోమి ఆరబెడితే మళ్లీ కొత్తదానిలా పట్టు చూపిస్తుంది.