147573952589676412927: లెక్క తప్పుతున్న చోట్లు, సరిచేసే దారులు

బెంగళూరులో మారతహళ్లి చుట్టుపక్కల మన తెలుగు పిల్లలకు ఆదివారాలు లెక్కలు చెప్పేటప్పుడు నేను తరచూ ఇచ్చే సంఖ్య ఇది. 67 రెండ్లను ఒకదానితో ఒకటి హెచ్చించి (2^67), అందులోంచి ఒకటి తీసేస్తే వస్తుంది. ఇది ప్రధాన సంఖ్యా, కాదా? 1644లో ఫ్రెంచ్ పండితుడు మెర్సెన్ ప్రధానమేనని రాశాడు. పిల్లలు తేల్చబోతే ఎదురయ్యే చిక్కులు ఇవి.

సమస్య: స్ప్రెడ్‌షీట్‌లో కొడితే చివర సున్నాలు వస్తున్నాయి.
కారణం: అందులో 15 అంకెలే నిలుస్తాయి. మిగతా ఆరూ సున్నాలైపోతాయి, బేసి సంఖ్య కాస్తా సరి సంఖ్య అవుతుంది.
పరిష్కారం: పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషకి మారండి. అందులో పూర్ణాంకానికి ఇన్ని అంకెలే అనే హద్దు లేదు.

సమస్య: పైథాన్‌లో కూడా చివరి 7 కాస్తా 8 అయింది.
కారణం: భాగహారానికి ఒకే గీత (/) వాడారు. అది సంఖ్యను దశాంశంగా మార్చేసి, దగ్గర్లో ఉన్న 2^67కి సర్దేస్తుంది.
పరిష్కారం: రెండు గీతలు (//) వాడండి. శేషానికి % చాలు.

సమస్య: ఫెర్మా పరీక్షలో నెగ్గింది. కానీ ప్రధానం కాదంటున్నారు!
ఇక్కడ తొందరపడకండి, అసలు అందం ఇందులోనే ఉంది. మన సంఖ్యను న అనుకుందాం. న ప్రధానమైతే, 2ను న − 1 ఘాతానికి ఎత్తి న తో భాగిస్తే శేషం 1 రావాలి. ఫెర్మా పరీక్ష చూసేది ఇదే. 2^67 అంటే న + 1 కాబట్టి, దాన్ని న‌తో భాగిస్తే శేషం 1. ఇక న − 1 అంటే 2^67 − 2. 67 ప్రధానం కనుక అది 67కి గుణిజం. అందుకే 2ను న − 1 ఘాతానికి ఎత్తినా శేషం 1 వచ్చి తీరుతుంది. అంటే ఘాతం ప్రధానమైతే చాలు, ఇలాంటి ప్రతి సంఖ్యా 2తో చేసే ఈ పరీక్షలో నెగ్గుతుంది. దాన్ని రుజువుగా తీసుకోకూడదు.
పరిష్కారం: లూకాస్–లెమర్ పరీక్ష. 4తో మొదలుపెట్టి, వర్గం చేసి, 2 తీసి, న‌తో భాగించి శేషం ఉంచుకోండి. ఇలా 65 సార్లు. చివరికి సున్నా వస్తేనే ప్రధానం. ఇక్కడ రాదు. ఒక్క కారణాంకమూ తెలియకుండానే ఫ్రెంచ్ గణితజ్ఞుడు లూకాస్ 1876లో ఇది ప్రధానం కాదని తేల్చాడు. నాకు ఇప్పటికీ అబ్బురమే.

సమస్య: కారణాంకాల కోసం వెతుకుతుంటే ప్రోగ్రాం ఎంతకీ ఆగడం లేదు.
కారణం: 2, 3, 4 అంటూ అన్నిటితో భాగిస్తున్నారు.
పరిష్కారం: దీని కారణాంకం ఏదైనా 134క + 1 రూపంలోనే ఉండాలి (క ఒక పూర్ణాంకం, 134 అంటే 2 × 67). పైగా 8తో భాగిస్తే శేషం 1 గానీ 7 గానీ రావాలి. అంటే క‌ని 4తో భాగిస్తే శేషం 0 లేదా 1 అయినవే చూడాలి. 19 కోట్లకు పైగా భాగహారాలు సుమారు 7 లక్షలకు దిగుతాయి. క = 1445580 దగ్గర 193707721 దొరుకుతుంది. రెండోది 761838257287. ఈ జంటను 1903లో న్యూయార్క్‌లో జరిగిన అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ సమావేశంలో అమెరికా గణితజ్ఞుడు కోల్ ప్రకటించాడు. అప్పటికి కంప్యూటర్లు లేవు.

సమస్య: కాగితం మీద రెండింటినీ గుణిస్తే అసలు సంఖ్య రావడం లేదు.
ముందు చివరి మూడేసి అంకెలే గుణించండి: 721 × 287 = 206927. మీ జవాబు చివర 927 లేకపోతే తప్పు మొదటి వరుసల్లోనే ఉంది. ఉంటే, పై వరుసల్లో స్థానాలు జరిగాయేమో చూడండి.