కీళ్లవాతం ఉన్నవాళ్లు తమ పనులు ఎంతవరకు చేసుకోగలుగుతున్నారో లెక్కగట్టడం ఎలా?

రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉన్న అమ్మనో అత్తయ్యనో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే "ఎలా ఉందమ్మా?" అన్నదానికి వచ్చే జవాబు ఎప్పుడూ ఒకటే, "పర్లేదండీ". ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ రిపోర్టులు ఒంట్లో వాపు ఏ స్థాయిలో ఉందో చెబుతాయి గానీ, ఆవిడ జాకెట్ హుక్స్ తనే పెట్టుకోగలుగుతోందా, నీళ్లు నిండిన గ్లాసు ఎత్తగలుగుతోందా అన్నది ఏ రక్తపరీక్షా చెప్పదు. దానికి వేరే కొలత ఉంది, ఒక కాగితం చాలు.

దాన్ని హెల్త్ అసెస్‌మెంట్ క్వశ్చనేర్, పొట్టిగా హెచ్‌ఏక్యూ అంటారు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో జేమ్స్ ఫ్రైస్ బృందం తయారుచేసి 1980లో ప్రచురించింది. 20 ప్రశ్నలు, 8 విభాగాలు: బట్టలు వేసుకుని తయారవడం, లేవడం, తినడం, నడక, స్నానం–టాయిలెట్, పైవి అందుకోవడం లేదా కిందికి వంగడం, చేతి పట్టు, ఇంటా బయటా పనులు. గడిచిన వారం ఎలా ఉందన్నదే లెక్క. ఇబ్బంది లేకపోతే 0, కొంచెం ఇబ్బందైతే 1, చాలా కష్టమైతే 2, అసలు చేయలేకపోతే 3. ఒక్కో విభాగంలో అన్నిటికంటే ఎక్కువ వచ్చిన అంకెనే తీసుకోవాలి, ఎనిమిదీ కూడి 8తో భాగించాలి. ఏవైనా విభాగాలు ఖాళీగా ఉంటే జవాబిచ్చినవాటి సంఖ్యతో భాగించవచ్చు, కానీ కనీసం 6 ఉండాలి.

అసలు తేడా కొట్టేది సాయం దగ్గర. "బట్టలు వేసుకుంటున్నావా?" అంటే "వేసుకుంటున్నా, కొంచెం కష్టం" అంటుంది, 1 రాసేస్తాం. కానీ హుక్స్ రోజూ కూతురు పెడుతోంది! ఇంకో మనిషి సాయం ఉన్నా, చేతికర్ర, ఎత్తు చేసిన టాయిలెట్ సీటు లాంటివి వాడుతున్నా, ఆ విభాగానికి 0 గానీ 1 గానీ వస్తే దాన్ని 2 చేయాలి. ఒక ఉదాహరణ చూడండి: తయారవడం 1, లేవడం 1, తినడం 1, నడక 1, స్నానం 2, అందుకోవడం 2, పట్టు 1, పనులు 1. మొత్తం 10, స్కోరు 1.25. హుక్స్ కూతురు పెడుతోందనీ, డబ్బా మూతలు కోడలు తీసిస్తోందనీ అడిగి తెలుసుకుంటే తయారవడం, పట్టు రెండూ 2 అవుతాయి, మొత్తం 12, స్కోరు 1.5. సాధారణంగా 0.22 మారితేనే మనిషికి తెలిసేంత మార్పు అంటారు, ఇక్కడ ఒక్క ప్రశ్న అడగకపోవడం వల్లే అంతకంటే ఎక్కువ తేడా వచ్చేసింది. అందుకే "చేస్తున్నావా?" అని ఆపేయకండి, "ఎవరైనా పట్టుకుంటున్నారా, ఎవరైనా తీసిస్తున్నారా?" అని కూడా అడగండి. జవాబు మాత్రం ఆవిడదే, పక్కనుంచి మనం అందించకూడదు.

స్కోరు 0 నుంచి 3 దాకా ఉంటుంది, పెరిగేకొద్దీ కష్టం ఎక్కువని. మొదటి ఫారంలో టబ్ స్నానం, కారు తలుపు లాంటివి ఉంటాయి, మన ఇళ్లకు అంతగా కుదరవు. 2002లో మన దేశానికి తగ్గట్టు 12 ప్రశ్నలతో ఇండియన్ వెర్షన్ వచ్చింది, బాసింపట్టు వేసుకుని కూర్చోవడం, గొంతుక్కూర్చోవడం లాంటివి అందులో అడుగుతారు. ఏదైనా సరే, ఒకదాన్నే పట్టుకుని ప్రతి విజిట్‌కీ అదే నింపండి, ఈ నెల ఒకటి వచ్చే నెల ఇంకొకటి అయితే పోల్చడానికి ఏమీ ఉండదు.

పాత కాగితాలు తేదీలతో సహా ఫైల్లో ఉంచి డాక్టర్‌కి చూపించండి. వాపు తగ్గినా స్కోరు దిగకపోతే మందు పనిచేయట్లేదని మీరే తేల్చేసుకోకండి, ఏళ్ల తరబడి అరిగిన కీళ్ల వల్ల కూడా అలా ఉంటుంది, అప్పుడు ఫిజియోథెరపీ, స్ప్లింట్ల (కీలుకు ఆసరాగా కట్టే పట్టీల) గురించి అడగండి.