కప్ప గుడ్లు, నీటి వేడి – 5వ పాఠం: త్రైరాశికం ఎందుకు తప్పుతుంది?

పోయిన పాఠంలో కప్ప గుడ్లను ఇంట్లో నీళ్ల పళ్లెంలో పెట్టి చూడమన్నాను. ముందు ఆ సంగతి తేల్చుకుందాం. గుడ్లు తెల్లబడ్డాయని, వాటి మీద దూదిలాంటి బూజు పట్టిందని చాలామంది రాశారు. అందులో సగం తప్పు నాది. “వెలుతురు బాగా ఉండే చోట పెట్టండి” అన్నాను. మీరు మిద్దె మీద పెట్టారు. రెండంగుళాల నీళ్లున్న స్టీలు పళ్లెం తిరుపతి మధ్యాహ్నం ఎండలో ఎంత కాగుతుందో చెప్పకపోవడం నా పొరపాటే. కిటికీ పక్కన, నీడలో అని చదువుకోండి. బూజు గుడ్లను చంపిందనుకోకండి. చాలాసార్లు గుడ్డు చచ్చాకే బూజు పడుతుంది. తెల్లబడ్డ వాటిని చెంచాతో వెంటనే తీసేయాలి.

ఇంటికి తెచ్చి పెట్టాక మొదటి రోజు గుడ్డును కదిలించకండి, వేడిలో హెచ్చుతగ్గులు రానివ్వకండి. కణం రెండు, నాలుగు, ఎనిమిదిగా చీలే ఆ గంటల్లో పిండం వేడిని ఓర్చుకోలేదు. తోక మొగ్గ కనబడ్డాక అదే వేడిని తట్టుకుంటుంది.

ఒకరు జ్వరం చూసే థర్మామీటరు వాడారట. అది 35 డిగ్రీల కింద ఏమీ చెప్పదు. చేపల తొట్టెల అంగడిలో దొరికేది కొనండి. డిజిటల్ కంటే ఎర్ర గీత ఉన్న గాజుదే నాకు నమ్మకం. దాని కొస గుడ్ల పక్కనే మునిగి ఉండాలి. ఫోన్‌లో కనిపించే వేడి ఊరిది, మీ బేసిన్‌ది కాదు.

ఇక అసలు బాధ. “గుడ్లు 24 డిగ్రీల్లో 60 గంటలకు పగిలితే, 30 డిగ్రీల్లో ఎన్ని గంటలు?” అని అడిగితే ఇంచుమించు అందరూ 48 అని రాశారు. 24ను 60తో గుణించి 30తో భాగించారు. బడిలో నేర్చుకున్న విలోమ త్రైరాశికం. కూలీలు, రోజుల లెక్కకు సరిపోతుంది. కప్పకు సరిపోదు.

ఎందుకంటే, ఆ లెక్కలో మీరు సున్నా డిగ్రీల దగ్గర నుంచి మొదలుపెట్టారు. సున్నా నీళ్లు గడ్డకట్టే చోటు. గుడ్డుకు దానితో పని లేదు. దోసెపిండి సంగతి చూడండి. ఫ్రిజ్‌లో 4 డిగ్రీలుంటుంది. సున్నా కంటే ఎక్కువే కదా, మరి పిండి పొంగుతుందా? అలాగే మన కుంటల కప్ప పిండం ఎదగడం కూడా సున్నా కంటే బాగా పైన ఎక్కడో మొదలవుతుంది. ఆ చోటును మనం అడుగు గీత అందాం. దాని పైన ఉన్న డిగ్రీలే లెక్కలోకి వస్తాయి. ఇరవై వేల జీతంలో పది వేలు అద్దెకు పోయేవాడికి జీతం ముప్పై వేలైతే, చేతిలో మిగిలేది ఒకటిన్నర రెట్లు కాదు, రెండింతలు.

లెక్క కోసం అడుగు గీత 10 అనుకోండి. 24లో పనికొచ్చేవి 14 డిగ్రీలు. వాటిని 60 గంటలతో గుణిస్తే 840 డిగ్రీ-గంటలు. 30లో పనికొచ్చేవి 20. 840ని 20తో భాగిస్తే 42 గంటలు. మీ 48కి, దీనికి తేడా ఆరు గంటలే అంటారేమో. చలివైపు రండి. హార్స్‌లీ కొండల మీద చలికాలం నీళ్లు 17 డిగ్రీలున్నాయనుకుందాం. త్రైరాశికం సుమారు 85 గంటలంటుంది. మన లెక్క 120. ఒకటిన్నర రోజు తేడా!

ఈ 10 అన్ని కప్పలకూ ఒకటి కాదు. 1940 ప్రాంతంలో జాన్ మూర్ అనే అమెరికా జీవశాస్త్రవేత్త ఉత్తర అమెరికా కప్పల గుడ్ల మీద ఇదే చూశాడు. మంచు కరిగే రోజుల్లోనే గుడ్లు పెట్టే అడవికప్ప పిండాలు సుమారు 2.5 డిగ్రీల నుంచి 24 దాకా తట్టుకున్నాయి. ఎండాకాలంలో గుడ్లు పెట్టే అక్కడి బుల్‌ఫ్రాగ్‌వి 15 నుంచి 32 దాకా. అందుకే నెట్‌లో దొరికిన ఏదో కప్ప పట్టికను మన కుంట కప్పకు అంటగట్టకండి. గుడ్డు నుంచి కప్ప అయ్యేదాకా ఎదుగుదలను 46 దశలుగా విడదీసి గోస్నర్ అనే శాస్త్రవేత్త 1960లో ఇచ్చిన పట్టిక మాత్రం పనికొస్తుంది. అది గంటలు చెప్పదు, ఆకారం చెబుతుంది.

పై కొసన ఈ లెక్క చెడుతుంది. వేడి మరీ పెరిగితే వేగం పెరగడం ఆగిపోయి, పిండాలు వంకర తిరిగి చస్తాయి. పైగా 20 డిగ్రీల నీళ్లలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, 30లో ఏడున్నరే. పిండానికి ఆక్సిజన్ ఎక్కువ కావలసినప్పుడే నీళ్లలో తగ్గిపోతుందన్నమాట. ముద్దగా ఉన్న గుడ్లలో నడిమివి ముందు పోయేది ఇందుకే.

అభ్యాసం. వాన వెలిసిన మర్నాడు ఊరి కుంటలో గోదురుకప్ప గుడ్లు చూడండి. జిగురు దారంలో నల్లపూసల్లా కనబడతాయి. ఒకే దారం నుంచి రెండు ముక్కలు, ముక్కకు 20 గుడ్లు చాలు, ఆ కుంట నీళ్లతోనే తెచ్చుకోండి. తలకోన, తిరుమల అడవుల్లోకి పోవద్దు. అది జాతీయ ఉద్యానం, అక్కడ గుడ్డు ముట్టినా తప్పే.

ఒక ముక్కను బేసిన్‌లో వేసి గదిలో ఉంచండి. రెండో ముక్కకు బేసిన్‌గా మట్టి మూకుడు వాడి, చుట్టూ తడి గోనెపట్ట కట్టండి. మూడు గంటలకోసారి, రాత్రి కూడా, రెండింటి వేడీ రాయాలి. నేనైతే తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం రెండు గంటలకు ఒకసారి చూసి సగటు తీసేస్తాను. కానీ మీరు మొదటిసారి అలా చేయకండి. ఇరవైలో పది పిల్లలు బయటపడ్డ గంట గుర్తుపెట్టుకోండి. రెండు బేసిన్ల సగటు వేడి, గంటలు చేతికొచ్చాక, రెండు సగటు వేడుల్లోంచీ ఏ అంకె తీసేసి, మిగిలినదాన్ని ఆ బేసిన్ గంటలతో గుణిస్తే రెండు లబ్ధాలూ సమానమవుతాయో కనుక్కోండి. అదే మీ కుంట కప్ప అడుగు గీత. రెండు బేసిన్ల మధ్య కనీసం మూడు డిగ్రీల తేడా లేకపోతే ఆ అంకె నమ్మకండి, గోనెపట్ట ఇంకాస్త తడిపి మళ్లీ చేయండి.

తోకకప్పలను ఏ కుంట నుంచి తెచ్చారో అందులోనే సాయంత్రం చల్లబడ్డాక వదలండి.